వాసన చూడకూడని ఉద్యోగం

నలభై దాటాక ఉద్యోగం మారడం గొప్ప సాహసమనీ, అనుభవం ఎక్కడికెళ్ళినా అన్నం పెడుతుందనీ ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్ళు ఎదురుపడితే నాకు చెప్పు తియ్యాలనిపిస్తుంది. అనుభవమట! కొత్త చోట అది మెడకెలా చుట్టుకుంటుందో ఆ నవ్వు మొహాలకేం తెలుసు? నాకు తెలుసు. నా మీదే జరిగింది కాబట్టి రాస్తున్నాను, ఎవరినో ఉద్ధరించడానికి కాదు.

రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో ఇరవయ్యేళ్ళకు దగ్గరగా పనిచేశాను. మైక్రోబయాలజీ చదువుకుని ల్యాబులో అసిస్టెంటుగా చేరాను. పోను పోను నాణ్యత చూసే సెక్షన్‌ అంతా నా చేతిమీదే నడిచింది. మేనేజరు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని పేపరు చదువుకునేవాడు, పని నేను చేసేదాన్ని. చెరువుల నుంచి లారీ వచ్చి ఆగితే, నేను వచ్చేదాకా ఒక్క ట్రే కిందికి దిగేది కాదు. ఐసులోంచి గుప్పెడు రొయ్యలు తీసి, తల విరిచి, వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. బురద వాసన, మందు వాసన, ఐసు చాలక అప్పుడే మొదలైన కుళ్ళు వాసన, దేనికదే వేరుగా తెలిసిపోయేది. ల్యాబు రిపోర్టు రావడానికి రోజులు పట్టేది, లారీ అన్నాళ్ళు ఆగదు కదా. అందుకని ఆ వ్యాపారంలో ముక్కే మొదటి పరీక్ష. నేను తల అడ్డంగా ఊపితే లారీ వెనక్కి తిరగాల్సిందే. డ్రైవర్లు తిట్టుకునేవాళ్ళు, ఏజెంట్లు కాళ్ళావేళ్ళా పడేవాళ్ళు. ఒక్కడికీ లొంగలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

పెద్దాయన రిటైరైతే ఆ కుర్చీ నాదేనని ఓనరు నాతో ఎన్నిసార్లు అన్నాడో. గోదావరి జిల్లా మనిషి, మాట వెన్నలా ఉంటుంది. తీరా పెద్దాయనకి శాలువా కప్పి పంపించిన మర్నాడు వెళ్ళి చూస్తే, కుర్చీలో ఓనరు గారి అల్లుడు కూర్చుని గిరగిరా తిరుగుతున్నాడు. రొయ్యని ప్లేట్లో తప్ప ఎక్కడా చూసిన మొహం కాదు.

"మావోడికి కాస్త పని నేర్పమ్మా. నీకంటే బాగా ఎవరు నేర్పుతారు చెప్పు?" అన్నాడు ఓనరు.

"కుర్చీ ఆయనకీ, నేర్పడం నాకూనా అండీ?"

"అదేంటమ్మా అంత మాటనేశావు? కుర్చీలో ఏముంది?"

"ఏమీ లేకపోతే నాకే ఇచ్చెయ్యండి."

నవ్వాడు. ఆ నవ్వు చూసి నా ఒళ్ళు భగ్గుమంది. నోటికొచ్చినవన్నీ అన్నాను. రాజీనామా రాసి ఆ అల్లుడి ముందు టేబుల్ మీద పడేసి, సెక్షన్లో ఆడవాళ్ళంతా చూస్తుండగా బయటికి వచ్చేశాను. వెనకనుంచి ఓనరు, "బయట ఎవరు తీసుకుంటారమ్మా ఈ వయసులో?" అన్నాడు. రొయ్యల వ్యాపారం చిన్న ఊరులాంటిది, ఈ కంపెనీలో తుమ్మితే ఆ కంపెనీలో వినబడుతుంది. ఆ వైపు తలుపులన్నీ నేనే మూసుకుని వచ్చానని గేటు దాటాక గాని తెలియలేదు.

మేముండేది పెందుర్తిలో. మా ఆయన పోర్టులో క్రేను నడుపుతాడు. సాయంత్రం విషయం చెబితే తింటున్న కంచం పక్కకి జరిపాడు.

"మానీసావా? నన్నో మాటడగాలని నేదేటి?"

"అడిగితే మీరేమనేవారు?"

"మానొద్దనీవోణ్ణి."

"అందుకే అడగలేదు."

తర్వాత నెలల తరబడి మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. చివరికి పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. మైక్రోబయాలజీ ల్యాబులోనే పని. ఇంటర్వ్యూ చేసినావిడ సెక్షన్ హెడ్డు, హైదరాబాద్ నుంచి వచ్చింది, నాకంటే పదేళ్ళకు పైగా చిన్నది. నా కాగితాలు తిప్పి తిప్పి చూసింది.

"మీ ఎక్స్‌పీరియన్స్ అంతా ఫుడ్ సైడ్ కదండీ. మేం దాన్ని కౌంట్ చెయ్యం."

కౌంట్ చెయ్యనిదానివి పిలిచి నా ముందెందుకు కూర్చున్నావని నోటిదాకా వచ్చింది. మింగాను. జీవితంలో మొదటిసారి మాట మింగడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది, చేదుగా ఉంటుంది. ఏడాది ప్రొబేషన్ అంది. ఏడాది తర్వాత నచ్చితే పర్మనెంట్ చేస్తారు, నచ్చకపోతే దండం పెట్టి పంపించేస్తారు. పంపించేస్తే నాకు ఇంకో తలుపు లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, మా ఆయనకీ తెలుసు, నా మొహం చూసి ఆవిడకీ తెలిసిపోయిందనుకుంటాను.

కంపెనీ బస్సులో మొదటి రోజే నాకు పేరు పెట్టేశారు, రొయ్యల మేడమ్ అని. పెట్టింది ఎవరో తర్వాత తెలిసింది. నాకు పని నేర్పడానికి వేసిన అమ్మాయే. పరవాడ పక్క పల్లె పిల్ల, డిగ్రీ చదివి కాంట్రాక్టు మీద చేరింది, పాతికేళ్ళు కూడా ఉండవు. బక్కపల్చగా ఉంటుంది, మాట మాత్రం రంపం. మొదటి వారం దుస్తులు మార్చుకునే గదిలో నన్ను పై నుంచి కింది వరకు చూసి మొదలెట్టింది.

"గాజులు తీసీండి మేడమ్. బొట్టు తీసీండి. మొకానికి పవుడరు రాసేరేటి? కడుక్కోండి."

"పొద్దున్నే పసుపు రాసుకున్నాను, అంతే."

"పసుపైతే మరీ దారుణం. సబ్బెట్టి తోమండి."

అక్కడ అద్దం మీద ఆడవాళ్ళ బొట్టుబిళ్ళలు వరసగా అంటించి ఉండేవి. లోపలికి వెళ్ళేముందు తీసి అంటించి, బయటికి వచ్చాక ఎవరిది వాళ్ళు తీసుకుని పెట్టుకునేవాళ్ళు. నాదీ ఆ వరసలో అంటించాను. మంగళసూత్రాలు మెడ మూసే గౌను లోపలికి తోసుకోవాలట. సరే. తల మీద టోపీ, మొహానికి మాస్కు, చేతులకి గ్లౌజులు, కళ్ళు మాత్రమే బయట. అద్దంలో నన్ను నేను గుర్తుపట్టలేదు.

భోజనాల దగ్గరా అదే వరస. నేను క్యారేజీ మూత తీస్తే ఆ పిల్ల తన డబ్బా పట్టుకుని ఇంకో టేబుల్ మీదికి పోయేది. "సేపల కంపుకి నాకు తిండి సయించదు" అని పక్కమ్మాయితో నాకు వినబడేలా అనేది. సముద్రం పక్కన పుట్టి చేపల కంపట! ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మీ ఇంట్లో చేపలు వండుకోరా?"

"వండుకుంటాం. కానీ ఆటి మీద పెద్ద మేడమ్‌లా మాటాడం."

పళ్ళు నూరుకున్నాను. ఇంకేం చేస్తాను?

కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆ పిల్ల పని నేర్పడంలో వంక పెట్టడానికి లేదు. ఏ గదిలోకి ఎటు నుంచి వెళ్ళాలి, ఏది ఎంతసేపు కడగాలి, ఏది ముట్టుకోకూడదు, అన్నీ విసుక్కుంటూనే చెప్పేది, చెప్పించుకునేది. అన్నిటికంటే ముందు చెప్పింది ప్లేట్ల గురించి. ప్లేటంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గిన్నె, అడుగున జెల్లీలాంటిది పోసి ఉంటుంది, పైన మూత. నీళ్ళ శాంపిలు దాని మీద వేసి వెచ్చటి పెట్టెలో ఉంచితే, అందులో క్రిములు ఉన్నట్టయితే చుక్కల్లా పెరుగుతాయి. ఆ చుక్కలు మూత మీదనుంచే లెక్కపెట్టాలి. మూత తియ్యకూడదు.

"మూత తియ్యకండి. ముక్కు దగ్గరికి తేకండి. మీ రొయ్యల కంపినీలో ఏటి సేసేవోరో నాకు తెల్దు, ఇక్కడ వాసన సూత్తే ఉద్దోగం పోద్ది," అంది. ఇంకోసారి చెప్పింది. మూడోసారి చెప్పి, నాచేత చెప్పించుకుంది. నేను చిన్నపిల్లలా అప్పజెప్పాను.

ప్రొబేషన్ పూర్తికావస్తున్న రోజుల్లో ఒక పొద్దున్న ప్లేట్లు చూస్తున్నాను. ఒకదాంట్లో పచ్చగా, తడిగా మెరుస్తూ ఒక చుక్క కనబడింది. మా పాత ల్యాబులో ఇలాంటిది కనబడితే మూత తీసి వాసన చూసేవాళ్ళం, ద్రాక్షపండు వాసన వస్తే ఫలానా క్రిమి అని చెప్పేసేవాళ్ళం. అలా చెయ్యకూడదని పుస్తకాల్లో ఉంటుంది, అయినా అందరం చేసేవాళ్ళం. ఇప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు. అదీ అసలు విషయం. చెయ్యి దానంతట అదే మూత తీసింది. రెండో చెయ్యి మాస్కు కిందికి లాగింది. మెడ వంగింది. వాసన పీల్చాను.

తలెత్తేసరికి అద్దం తలుపు అవతల సెక్షన్ హెడ్డు నిలబడి ఉంది.

ఆ వరస ప్లేట్లన్నీ పనికిరాకుండా పోయాయి. పరీక్ష మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. నన్ను చేతులు కడుక్కోమని, డాక్టరుకి చూపించుకోమని పంపారు. ఊపిరితో లోపలికి ఏం పోయిందో ఎవరికి తెలుసు? డాక్టరు ఏం కాలేదన్నాడు. అవ్వాల్సింది మధ్యాహ్నం సెక్షన్ హెడ్డు గదిలో అయింది.

"మాస్కు తీసి మరీ వాసన చూశారు," అందావిడ. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పాత అలవాటు. చెయ్యి పోయింది."

"అలవాటు అని నేను పైకి రాయలేను. మనిషి తప్పు అని రాస్తే ఆడిటర్లు ఒప్పుకోరు, ఆ మనిషిని ఏం చేశారని అడుగుతారు. మీ కన్ఫర్మేషన్ టైమ్ ఇది." కాసేపు పెన్ను తిప్పింది. "మీకు ట్రైనింగ్ సరిగ్గా ఇవ్వలేదేమో?"

నాకు అర్థం కాలేదు.

"ప్లేటు మూత తియ్యకూడదని నాకెవరూ వివరంగా చెప్పలేదు, అని మీరు రాసివ్వండి. చాలు. ట్రైనింగ్ లోపం అని క్లోజ్ చేసేస్తాను. మీ మీదికి రాదు."

"మరి నేర్పినమ్మాయి?"

"కాంట్రాక్టే కదా," అంది, టేబుల్ మీద దుమ్ము తుడిచినంత తేలిగ్గా. "రేపు పొద్దున్నకల్లా ఇవ్వండి."

నిజం చెప్పాలి కదా, బస్సెక్కేసరికి నాకు సంతోషంగానే ఉంది. రెండు వరసల ముందు ఆ పిల్ల కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. రొయ్యల మేడమ్ అన్నావు కదూ. నా క్యారేజీ చూసి ముక్కు మూసుకున్నావు కదూ. నీ పొగరు రేపటితో దిగుతుందిలే అనుకున్నాను. ఒక్క వాక్యం. అది రాస్తే నా ఉద్యోగం నాకు మిగులుతుంది, పైగా ఆ మొహం నాకు మళ్ళీ కనబడదు. ఇంతకంటే చవగ్గా ఏం దొరుకుతుంది?

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను.

"రాసీ. నీకేటి పోతాది? ఆ గుంట నీకేటి సుట్టమా?" అన్నాడు.

"ఆ పిల్ల నాకు చెప్పిందండీ. మూడుసార్లు చెప్పింది."

"సెప్తే సెప్పింది. ఎవులికి తెల్సు?"

"నాకు తెలుసు కదా!"

ఎందుకు అరిచానో నాకే తెలియలేదు. ఆయన విసుగ్గా లేచాడు. "నీ పెంకితనానికో దండం. పోయిన సారి అడక్కండా మానీసావు. ఈసారి అడిగీసి మరీ పోగొట్టుకో," అని బయటికి వెళ్ళిపోయాడు. ఆ మాట సూటిగా తగిలింది. ఆయన తప్పుగా ఏమీ అనలేదు, అందుకే ఇంకా మండింది.

కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల మీద జాలితో ఆగానని అనుకోకండి. జాలి ఇసుమంత లేదు. నన్ను ఆపింది వేరే. నేను లారీలు వెనక్కి పంపిన మనిషిని. కుళ్ళిన సరుకుని మంచిదని ఒక్కరోజు కూడా సంతకం పెట్టలేదు. ఇప్పుడు ఒక మంచి సరుకుని కుళ్ళిందని రాయమంటోంది ఈవిడ. అది నా చేతులకి రావడం లేదు. రాస్తే నా ఇరవయ్యేళ్ళూ ఉత్తివే అయిపోతాయి, వాళ్ళు కౌంట్ చెయ్యకపోవడం కాదు, నేనే కౌంట్ చెయ్యనట్టు.

పొద్దున్న ఆవిడ గదికి వెళ్ళి నిలబడే చెప్పాను.

"ఆ అమ్మాయి సరిగ్గానే నేర్పింది. తప్పు నాది. అలాగే రాశాను."

ఆవిడ కాగితం చదివి నావైపు చూసింది. "మీకు అర్థమవుతోందా? ఇది మీ మీదే పడుతుంది."

"పడనివ్వండి."

"మీ వయసులో ఇంత మొండితనం మంచిది కాదు."

"మీ వయసులో ఇంత తెలివి కూడా మంచిది కాదు."

అనేశాను. అనకూడదు, తెలుసు. మింగడం నేర్చుకున్నాననుకున్నాను గానీ అంత బాగా రాలేదు. ఆవిడ మొహం ఎర్రబడింది. ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. తీసెయ్యలేదు. మనుషులు దొరకడం లేదో, నేను రాసిన కాగితం పైవాళ్ళు చదివారో నాకు తెలియదు. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. జీతం పెరగదు. కొత్తగా చేరిన పిల్లలతో కలిసి ట్రైనింగ్ మొదటి నుంచి మళ్ళీ చేసుకోవాలి. నేర్పేది ఆ పిల్లే.

ఆ పిల్లకి విషయం ఎలా తెలిసిందో గాని తెలిసింది. బట్టలు మార్చుకునే గదిలో నన్ను పట్టుకుంది. కృతజ్ఞత చెబుతుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను, సిగ్గులేకుండా.

"నా మీద జాలి పడ్డారేటి?"

"నీ మీద జాలి ఎవరికే?"

"మరెందుకు రాయనేదు?"

"నువ్వు చెప్పావు కాబట్టి."

"సెప్పేను కదా. మరేటికి వాసన సూసేరు?" ఆ పిల్ల చేతిలో టోపీ బల్ల మీదికి విసిరికొట్టింది. "మా ఇంట్లో నా జీతం మీదే బతుకుతన్నాం. మీ ముక్కు దురదకి నాను రోడ్డున పడీదాన్ని."

గాజులు తీసి డబ్బాలో వేశాను.

ఆ తర్వాత ఆ పిల్ల నన్ను వదల్లేదు. కాలేజీ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పిల్లల మధ్య నన్ను నిలబెట్టి, నా చెయ్యి ప్లేటు మీదికి వెళ్ళిన ప్రతిసారీ టేబుల్ మీద పెన్నుతో టకటకా కొట్టేది. నేను కొంచెం వంగితే చాలు, "మెడ, మేడమ్" అనేది. పిల్లలు నవ్వేవారు. సీసా మూత తీస్తే "మెడ". చేతులు కడిగే ద్రావకం మార్చితే "మెడ". క్యాంటీన్లో సాంబారు గిన్నె మీదికి వంగినా వెనక నుంచి అదే మాట వినబడేది. తిట్టుకున్నాను. రోజూ తిట్టుకున్నాను. బస్సులో కూర్చుని దాని మొహం తలుచుకుని పళ్ళు కొరికాను. కానీ మెల్లగా ఆ పెన్ను చప్పుడు తగ్గింది. కొన్నాళ్ళకి ఆగిపోయింది. నా మెడ వంగడం మానేసింది.

ఆరు నెలలు గడిచాక ఒక శనివారం సెక్షన్ హెడ్డు పిలిచి కాగితం చేతిలో పెట్టింది. నన్ను పర్మనెంట్ చేశారు. "ఇప్పుడు ఫార్మా మనిషి అయ్యారు," అంది. పొగిడిందో దెప్పిందో తెలియలేదు. మా ఆయన నైట్ డ్యూటీకి వెళ్ళిపోయాడు, ఆ సంగతి ఆయనకి చెప్పడానికి కుదరలేదు. పొద్దున్న మంచి చేప తెచ్చి, వండిపెట్టి అప్పుడు చెబుదామనుకున్నాను. ఆదివారం ఇంకా వెలుగు రాకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను.

బోట్లు దిగుతున్నాయి, వేలం కేకలు, ఐసు చిమ్ముతున్నారు, కాళ్ళ కింద నీళ్ళు. ఒకామె దగ్గర నిగనిగలాడే వంజరం ఉంది.

"సూసుకో అమ్మా, ఇప్పుడే దిగింది," అంది.

చేపని చేత్తో ఎత్తాను. కళ్ళు చూశాను. బరువు చూశాను. ముక్కలు కొట్టించి, సంచిలో వేయించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి, అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన చేతికి సంచి ఇచ్చి కడగమని, నేను మసాలా నూరుకోవడానికి కూర్చున్నాను. కాసేపటికి కుళాయి దగ్గర నుంచి కేక.

"ఏటే ఇది? కంపు కొడతంది! ఎవుత్తిచ్చింది? పద, ఎల్లి దాన్ని కడిగీసి వత్తాను!"

లేచి వెళ్ళాను. గుమ్మం దగ్గరికే తెలిసిపోయింది. రెండు రోజుల కిందటి చేప, ఐసులో దాచి మెరిపించింది.

"ఆవిణ్ణి అనకండి. చూసుకోమనే చెప్పింది. నేనే వాసన చూడలేదు," అన్నాను.

ఆయన చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచి మా ఇంటికే కాదు, మా వీధికంతా చేప ఏరిపెట్టింది నేనే.

"నువ్వా?" అన్నాడు. "నువ్వు వాసన సూణ్ణేదా?"

"ఉద్యోగం పర్మనెంటయింది," అన్నాను.